మూడో అంతస్తు అద్దెదారుపై తీర్మానం

2011 అక్టోబరు 4, మంగళవారం, సాయంత్రం ఐదు గంటలు. హాజరైనవారు: మా అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడు (పోచంపల్లి చీరల వ్యాపారి), కోశాధికారి (గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన బ్యాంకు ఉద్యోగి), కార్యదర్శి (నేను). పిలవకుండా వచ్చి మెట్ల మీద కూర్చున్నవాడు: మూడో అంతస్తులో అద్దెకుంటున్న సూడాన్ కుర్రాడు.

నేను మినిట్సు రాసే డైరీలో ఆ పేజీ ఇలా మొదలవుతుంది. అతనికి ఇరవై రెండేళ్లు, నాకు అరవై ఎనిమిది. దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ కోర్సు చదివేవాడు. రోజూ పొద్దున్నే మా ఇంటికొచ్చి తెలుగు పేపరు పైకి చదివేవాడు, నేను తప్పులు దిద్దేవాణ్ణి. నేను నేర్పింది కృష్ణా జిల్లా తెలుగు. అతనికి అబ్బింది ఎల్‌బీ నగర్ టీకొట్టు తెలుగు.

ఆ సాయంత్రం చర్చ అతన్ని నెలాఖరుకు ఖాళీ చేయించడం గురించి. వంట వాసనలు, స్నేహితుల రాకపోకలు కారణాలట. పరీక్షల ముందు, అందులోనూ తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజుల్లో, ఇంకో గది దొరకడం కల్ల. అతని రంగు చూసి ఎన్నో గుమ్మాలు కాదన్నాకే మా దగ్గర చేరాడు. ఇదంతా నాకు తెలుసు. అయినా నోరు విప్పలేదు. సమావేశంలో కార్యదర్శి అభిప్రాయం చెప్పకూడదని నియమం ఉంది. ఆ నియమం రాసింది నేనే.

కోశాధికారి మాత్రం గట్టిగానే మాట్లాడారు. "బయటి నుంచి వచ్చినవాళ్లు ఇక్కడి పద్ధతులు పాటించరండీ. వాళ్ల ఊరు వాళ్లు వెళ్లిపోతేనే అందరికీ మంచిది."

సరిగ్గా ఈ మాటే ఎవరో రోడ్డు మీద తనతో అన్నారని ఆయన వారం రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు.

మా సంఘంలో మినిట్సు పైకి చదివాకే సంతకాలు. అన్నది అన్నట్టు రాయడం నా అలవాటు. చదివాను. అధ్యక్షుడు నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఏంది సార్, గీ మాట మేమంటే మీరు పరేషాన్ అయితరు. ఇప్పుడు మీరే అంటున్నరు."

ఆ వాక్యం కొట్టెయ్యమన్నారు కోశాధికారి. రాసింది కొట్టెయ్యడానికి వీల్లేదన్నాను. అయితే సంతకం పెట్టనన్నారు. మూడు సంతకాలూ లేని తీర్మానం మా దగ్గర చెల్లదు. అధ్యక్షుడు టీ తెప్పించాడు. మెట్ల మీదికీ ఒక కప్పు వెళ్లింది.

మర్నాడు పొద్దున కుర్రాడు వేళకే వచ్చాడు. పేపరు మాత్రం విప్పలేదు.

"తాతా, నిన్న నువ్వు నా గురించి ఒక్క ముక్క మాట్లాడలే."

"రాశాను కదా."

"గాయన మాట రాసినవ్. నీ మాట ఏది?"

ఇంతలో కోశాధికారి గుమ్మంలోకి వచ్చారు. బస్సులు లేవు, ఆటోవాళ్లు రామంటున్నారు, దిల్‌సుఖ్‌నగర్ బ్యాంకు దాకా ఆ అబ్బాయి బండి మీద దింపుతాడేమో అడగమని నన్ను అడిగారు. అతను ఎదురుగానే ఉన్నాడు. అయినా నేనే అడిగాను. కుర్రాడు నావైపు ఒకసారి చూసి, తాళం తీసుకుని కిందికి దిగాడు. కోశాధికారి టిఫిన్ డబ్బా ఒక చేత్తో ఒళ్లో పట్టుకుని, రెండో చేత్తో అతని నడుం గట్టిగా పట్టుకుని వెనక కూర్చున్నారు.