అమ్మ రఫూ

ఎనభైల్లో కొత్తవాడలోని మా ముందరి గదిలో ఒక విదేశీ మనిషి అద్దెకుండేది. మేము తెల్లక్క అనేవాళ్లం. సముద్రాలవతల యూదులు చందాలు వేసుకొని నడిపే ఒక సంస్థ ఆమెను పంపింది. జంపఖానాలు నేసే ఆడవాళ్లకు సొంత మగ్గాలు ఇప్పించడం, కూలి కోసం సేట్లతో కొట్లాడటం ఆమె పని. "మా మతంల ఇచ్చుడు దయ కాదక్కా, న్యాయం" అనేది అమ్మతో, వచ్చీరాని తెలుగులో.

"న్యాయమో దయో, ముందుగాల అన్నం తిను చెల్లె" అని అమ్మ నవ్వేది.

అప్పటికి నాయిన పోయి రెండేళ్లు. దగ్గీ దగ్గీ దవాఖానలోనే పోయాడు. కర్మ అయిన మర్నాడే అమ్మ సేటు మగ్గం మీద కూర్చుంది. కూర్చోకపోతే మాకు తిండి లేదు. ఆమె ఏడవగా నేను చూడలేదు. మగ్గం మేకు తగిలి భుజం దగ్గర చిరిగిన నాయిన అంగీని రఫూ చేసి అన్నకు తొడిగింది. చిరుగు ఎక్కడుండెనో వేలితో తడిమినా తెలియదు. వాడంతా మెచ్చుకుంది. నాకు మాత్రం ఆ అంగీని చూస్తే ఒళ్లు మండేది, నాయినను ఇంత తొందరగా సర్దేసిందేమిటని.

అమ్మకు సొంత మగ్గం వచ్చిన కొన్నాళ్లకే తెల్లక్కకు టెలిగ్రాం వచ్చింది. వాళ్లమ్మ పోయింది. వాళ్లలో శవాన్ని ఉంచరట, వెంటనే పూడుస్తారట. అప్పటికప్పుడు కాజీపేటలో రైలెక్కినా అందదు. తెల్లక్క గదిలో నేల మీద కూర్చుండిపోయింది. వారం దాకా అట్లాగే కూర్చోవాలని, మొదటి అన్నం ఇరుగుపొరుగే పెట్టాలని చెప్పింది. అమ్మకు అందులో వింతేమీ కనపడలేదు. "మనలెక్కనే గదా" అని వాడలో ఇంటికో పూట వంతులేసింది.

ఆ వారమంతా తెల్లక్క ఒంటి మీద ఒకటే అంగీ. ఎడమవైపు, గుండె మీద, చిరిగి ఉంది. దుఃఖంలో ఒళ్లు తెలియక చింపుకుందనుకుంది అమ్మ. వారం గడిచి తెల్లక్క లేచి స్నానానికి పోగానే దాన్ని ఉతికి ఆరేసి, మధ్యాహ్నానికల్లా రఫూ చేసి చేతికిచ్చింది.

తెల్లక్క మడత విప్పింది. ఎడమవైపు తడిమింది. తిరగేసి తడిమింది.

"ఏది?"

"ఏడ చినిగిందో దేవునికి గూడ దొరకది" అన్నది అమ్మ మురిపెంగా.

తెల్లక్క అక్కడే కూలబడి బిగ్గరగా ఏడ్చింది. చాలాసేపటికి చెప్పింది. "నేనే చింపుకున్న అక్కా, మా అమ్మ కోసం. అమ్మనాయినలు పోతే చింపింది మల్ల కలవొద్దు. ఎన్నేండ్లయినా మంచిగ కుట్టొద్దు."

అమ్మ గబుక్కున లేచింది. "అయ్యో, నాకేమెరుక చెల్లె" అంటూ సూది తెచ్చి, కిటికీ దగ్గర కూర్చొని ఒక్కో పోగే లాగింది. తన పని తాను విప్పడం అమ్మకు చచ్చేంత నామోషీ. అయినా విప్పింది. అప్పుడే వేసిన దారం కాబట్టి చిరుగు మళ్లీ బయటపడింది. తెల్లక్క ఆ అంగీని గుండెకు హత్తుకొని గదిలోకి పోయింది.

సూది ఇంకా చేతిలోనే ఉంది. అమ్మ లేచి సందూక తెరిచి, అన్నకు ఇరుకైపోయిన నాయిన అంగీ తీసింది. భుజం దగ్గర తడిమింది. వెలుతురుకు ఎత్తి చూసింది, తిరగేసి చూసింది.

"ఏడ కుట్టిన్నో ఏమో. జర నువ్వు చూడు బిడ్డా, నీ కండ్లు మంచిగున్నయి."

నేనూ వెతికాను. రెండు భుజాలూ వెతికాను. దొరకలేదు.

అప్పుడు ఏడ్చింది మా అమ్మ, ఆ అంగీలో ముఖం దాచుకొని.