రాత్రి వంతు

పత్రికలో పనిచేసినన్నాళ్లూ సోలార్ పథకాల వార్తలు ఎన్నో రాశాను. ఎండలు ముదిరాయన్న మాట మీద నాకెప్పుడూ అనుమానం లేదు. పాలమూరు బస్టాండులో మధ్యాహ్నం నిలబడినవాడికి ఆ సంగతి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. నా అనుమానమంతా పథకాల మీదే. ఢిల్లీలో అనుకున్నది మోత్కూరు పక్కన మా అక్కవాళ్ల బోరు దాకా వచ్చేసరికి ఏమవుతుందో చూశాను.

బావా, ఆయన తమ్ముడూ భూమి పంచుకున్నారు గాని బోరు ఉమ్మడిగానే ఉంచుకున్నారు. కరెంటు కనెక్షన్ బావ పేరు మీద ఉండేది. ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చాక వంతులు స్థిరపడ్డాయి. పగలు బావది, రాత్రి తమ్ముడిది. తమ్ముడు బడి వ్యాను నడిపేవాడు కాబట్టి అతనికీ అదే వీలు. ఆ రాత్రి వంతు మీదే అతని వరి మడి పండేది.

ఒకరోజు బడి ఆవరణలో అధికారులు మీటింగ్ పెట్టారు. సెలవుకు అక్కవాళ్లింట్లో ఉన్నాను గనుక నేనూ వెళ్లి వెనక కూర్చున్నాను. సోలార్ మోటారు తీసుకున్నవాళ్లు కరెంటు కనెక్షన్ వదులుకోవాలని, దేశానికి బొగ్గు ఆదా అవుతుందని అధికారి ఓపికగానే చెప్పాడు. అప్పుడు తమ్ముడు లేచాడు.

"సారు, నాది రాత్రి వంతు. రాత్రి పొద్దు ఏడికెళ్లి తేవాలె?"

అందరూ నవ్వారు. అధికారీ నవ్వాడు. మోటారు ఒక రైతుకు ఇస్తున్నామని, ఇంట్లో వంతులు ఇంట్లోనే చూసుకోవాలని అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. అతని దగ్గరున్న కాగితాల్లో బోరు ఉంది, రైతు ఉన్నాడు. వంతు అనేది ఎక్కడా లేదు.

ఇంటికొచ్చాక బావ పథకం కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. ఆయన భయం వేరు. ఉచిత కరెంటు ఎన్నాళ్లుంటుందో తెలియదు, రేపు మోటార్లకు మీటర్లు పెడితే సేద్యం సాగదని. చివరికి, పొద్దున తాను, మధ్యాహ్నం నుంచి తమ్ముడు నీళ్లు పెట్టుకుందామన్నాడు. వానాకాలం మా వైపు మధ్యాహ్నానికి మబ్బు కమ్ముతుంది, వాన మాత్రం పడదు. పైగా బడి వదిలే వేళకు అతను వ్యాను తీయాలి.

"సగం పొద్దు నీకు, సగం మొగులు నాకానే అన్నా?" అన్నాడు తమ్ముడు, తింటున్న కంచం మీంచి తల ఎత్తకుండానే.

బావ సంతకం పెట్టాడు. సోలార్ పలకలు వచ్చాయి, కరెంటు తీగ తీసేశారు. ప్రభుత్వం లెక్కలో మా అక్కవాళ్ల ఊరు ఒక అడుగు ముందుకు వేసింది. తమ్ముడు ఆ కారు వరి నాటలేదు, బోరు నీళ్లు అక్కర్లేని కంది చల్లాడు.

కోతలయ్యాక అక్క ఫోన్ చేసింది. మరిది ఇంటికి ఒక బస్తా బియ్యం పంపిందట. వెనక్కి తిప్పి పంపుతాడేమోనని తలుపు దగ్గరే నిలబడి చూసిందట.

"కొట్లాడినా బాగుండు తమ్మీ. నవ్వుకుంట తీస్కున్నడు," అంది.