ఒంటి చెప్పు మొక్కు

ఆ రోజుల్లో ఏ ఊళ్ళోనైనా పడుచువాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని కాళ్ళకు చెప్పుల్లేకుండా వీధిలో నడిస్తే, అయ్యో పాపం అనేవాళ్ళు కొందరు, పిచ్చి ముదిరిందనేవాళ్ళు కొందరు. ఒక్క తిరుపతిలో మాత్రం దారి వదిలి దండం పెట్టేవాళ్ళు. ఆ ఊరికున్న ఈ మంచి గుణం వల్లే నాకు పెళ్ళయింది. ఈ మాట మా ఇంట్లో నేను పైకి అనను గానీ, మీరు నా మేలు కోరేవాళ్ళు కాబట్టి చెబుతున్నాను.

పలమనేరులో పాలకేంద్రం గుమాస్తాగా కుదురుకున్న కొత్తలో, తిరుపతిలో పిల్లను చూడ్డానికి మా మామ (అమ్మకు తమ్ముడు) నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కాడు. మంచి ఎండాకాలం. అంతకు ముందే రెండు సంబంధాలు, పిల్లవాడు మరీ పీలగా ఉన్నాడని తప్పిపోయాయి. ఈసారి పిల్ల ఫోటో చూసిన దగ్గర్నుంచి నాకు అన్నం సహించడం లేదు, ఇదీ తప్పిపోతే ఇంకా పీలగా అయిపోతానని భయం. చిత్తూరు బస్టాండులో టీ తాగుతుండగా బస్సు కదిలింది. గ్లాసు బల్ల మీద పడేసి పరుగెత్తి కమ్మీ పట్టుకుని పైకి ఎగిరాను. నేనూ ఎక్కాను, నా కుడికాలి చెప్పూ ఎక్కింది, ఎడమకాలిది మాత్రం చిత్తూరులోనే ఉండిపోయింది. కండక్టరును బతిమాలితే, చెప్పు కోసం బస్సు ఆపితే జనం తనను చెప్పుతోనే కొడతారన్నాడు.

దిగగానే కొత్తవి కొనుక్కుందామంటే మామ ఒప్పుకోలేదు. రాహుకాలం రాకముందే వాళ్ళ గడప దాటాలట. (తన చెప్పులిస్తానని మాత్రం అనలేదు.) కాసేపు ఆలోచించి, నా కుడి చెప్పు తీసుకుని కిటికీలోంచి బయటికి విసిరేశాడు. నేను లబోదిబోమంటుంటే నింపాదిగా చెప్పాడు.

"రేయ్, ఒంటి చెప్పుతో పోతే పిచ్చోడంటారు. రెండూ లేకుండా పోతే భక్తుడంటారు. మనం దిగేది తిరుపతిలో కదప్పా."

తిరుపతిలో తారురోడ్డు పెనంలా కాలుతోంది. గోడల నీడ వెతుక్కుంటూ, నీడ లేనిచోట ఎగురుకుంటూ, "గోవిందా గోవిందా" అని మూలుగుతూ వాళ్ళ ఇల్లు చేరాను. అరుగు మీద కూర్చున్న పిల్ల అవ్వ నా కాళ్ళ వంకా, కన్నీళ్ళ వంకా చూసి, "మొక్కా నాయనా?" అంది. నేను నోరు తెరిచేలోగా మామ గట్టిగా దగ్గాడు. ఆ దగ్గు అవ్వకు చాలింది. కొండెక్కేదాకా చెప్పులు తొడగనని మొక్కుకున్నాడంట అని తానే లోపలికి కేకేసి చెప్పింది. కాళ్ళకు చల్లటి నీళ్ళు వచ్చాయి, వాటి వెనకే మజ్జిగ, విసనకర్ర. పిల్ల తండ్రి ముభావంగా ఉండే మనిషి, ఆయన ముఖం కూడా విచ్చుకుంది. రేపే అందరం అలిపిరి నుంచి నడిచి కొండెక్కి ఆ మొక్కు తీర్చేద్దామన్నాడు. అప్పటికే బొబ్బలెక్కిన నా పాదాలు చాప కింద దూరడానికి చూశాయి.

అంతలో పిల్ల కాఫీ తెచ్చింది. పెళ్ళిచూపుల్లో ఆడపిల్ల తలెత్తకూడదు కదా, వంచిన తల వంచినట్టే ఉంచి కూర్చుంది. అందరూ నా ముఖంలో భక్తిని చూస్తున్నారు, ఆమె ఒక్కతే నా పాదాలను చూస్తోంది. చూసి చూసి పెదవి బిగబట్టింది. నేను కాళ్ళు వెనక్కి లాక్కున్నాను.

ఏమైనా మాట్లాడుకోండని మమ్మల్ని వసారాలోకి పంపారు. ఆమె తల వంచుకునే అడిగింది.

"ఈ మొక్కు ఎప్పట్నుంచి ఉండాది?"

"పొద్దున్నుంచి," అన్నాను. ఆ గొంతు ముందు అబద్ధం రాలేదు.

"అదే అనుకుంటిని. కాళ్ళంతా నల్లంగా ఉండాయి, చెప్పు వార్ల కాడ మాత్రం తెల్లంగా ఉండాది. యాడ పోయినాయి చెప్పులు?"

"ఒకటి చిత్తూరులో. ఇంకొకటి మామ కిటికీలోంచి పారేసినాడు."

ఆమె పైట చెంగు నోట్లో కుక్కుకుంది. అయినా నవ్వు ఆగలేదు. ఆ నవ్వు చూసి నాకూ వచ్చింది, ఇద్దరం స్తంభానికి చెరోవైపు పట్టుకుని కడుపుబ్బా నవ్వాం. లోపల్నుంచి అవ్వ ఏమే ఆ నవ్వు అని అడిగింది. నా సంబంధం పిల్ల నాలుక చివర నిలబడి ఉంది.

"ఏం లేదవ్వా, స్వామి గురించి చెప్తాండారు," అంది పిల్ల.

మర్నాడు కొండెక్కాం. నేను ఒట్టికాళ్ళతో ఉంటే తాను తొడుక్కోవడం మర్యాద కాదని కాబోయే మామగారు కూడా చెప్పులు ఇంట్లోనే వదిలి వచ్చారు. మోకాళ్ళ పర్వతం దగ్గర కూలబడి, "కార్తీకం దాకా ఆగి మొక్కుకోని ఉండకూడదా అప్పా," అన్నారు. వెనక ఎవరో పైట చెంగు నోట్లో కుక్కుకున్న చప్పుడు వినిపించింది. బొబ్బల మాట మరిచిపోయి మిగతా మెట్లు గంతులేస్తూ ఎక్కాను. అది చూసిన వాళ్ళవ్వ బతికినన్నాళ్ళూ నన్ను మొక్కు అల్లుడనే పిలిచింది.

ఇప్పుడు షుగరొచ్చి, ఇంట్లో కూడా ఒట్టికాళ్ళతో తిరగొద్దన్నాడు డాక్టరు. మంచం దిగేసరికి రబ్బరు చెప్పులు కాళ్ళ ముందుంటాయి. వాటిని పెట్టేది ఎవరో చెప్పనక్కర్లేదు. ఏడాదికోసారి కొండకు పోతూ బస్సు చిత్తూరులో ఆగినప్పుడు, ఆమె మోచేత్తో పొడిచి, "సూడండి, ఈడే యాడో ఉంటాది," అంటుంది. జుట్టు నెరిసిన మనిషిని, నేను నిజంగానే కిటికీలోంచి తల బయటికి పెట్టి చూస్తాను.