తువాలు కింద వీపీఎన్

విస్సన్నపేట దారిలో ఉండగా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, కంపెనీ సర్వర్‌లోకి ఫైలు వెంటనే ఎక్కించాలని. రెడ్డిగూడెం దగ్గర ఒక మామిడితోటలో కూర్చుని, మ్యాక్‌బుక్‌ని ఐఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపాను. వీపీఎన్ కలుస్తోంది, తెగుతోంది. పని అయ్యేదాకా లేచేది లేదనుకున్నాను.

"ఏంటండీ, ఇందాకట్నుంచి దాంతో కుస్తీ?" అన్నారు తోట రైతు.

"వీపీఎన్ అండీ. అందరూ వాడే నెట్‌లోనే వెళ్తుంది, కానీ మా మాట ఆఫీసుకి తప్ప ఎవరికీ తెలీదు."

"మా బేరం లాగే!" అంటూ భుజమ్మీది తువాలు నా ఎడమచేతి మీద కప్పి, దాని కింద నా వేళ్ళు పట్టుకున్నారు. "కాయల రేటు ఇలా వేళ్ళు నొక్కి చెప్పుకుంటామండీ. చుట్టూ ఎంతమందున్నా ఇద్దరికే తెలుస్తుంది."

కుడిచేత్తో మళ్ళీ కనెక్ట్ నొక్కాను. ఈసారి నిలబడింది. ఫైలు ఎక్కింది.

"వెళ్ళిందా అండీ?" అన్నారాయన.

తువాలు కింద ఆయన వేళ్ళు గట్టిగా నొక్కాను.