నీళ్ల కుండల వెనక హాలిం ఆకు

శాలిబండలో మేం అద్దెకున్న ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ ఒకటే. ఆ ఇంటి పెద్దావిడను పిన్ని వరసలో ఖాలా అని పిలిచేవాళ్లం. బాలింతలకు పాయసం చేసిపెట్టే హాలిం గింజలను ఆమె మట్టిలో చల్లి, లేత ఆకు తుంచి, ఉల్లిపాయ, నిమ్మరసంతో పచ్చిగా కలిపేది. ఆవాల ఘాటుండేది ఆ ఆకుకు. చలికి మా పాలకూర ముడుచుకుపోయినా అది నిటారుగా నిలబడేది.

ఒక చలికాలంలో నా భార్యకు జ్వరం వచ్చి తగ్గింది. నోటి రుచి మాత్రం తిరిగి రాలేదు. ఏం పెట్టినా పక్కకు నెట్టేది. చేతి గాజులు మోచేతిదాకా జారేవి. ఒకరోజు తనే, "ఖాలా ఆకుంటే తినబుద్ధయితుంది" అంది.

ఖాలా మడి అప్పటికే అయిపోయింది. విత్తనానికి దాచుకున్న గింజలన్నీ గుడ్డలో మూటకట్టి నాకిచ్చింది.

"పొడిగింజలే చల్లు బేటా, పైనుంచి నీళ్లు చిలకరించు. నానబెట్టకు."

ఒకరు చెబితే వినే గుణం నాకు లేదు. మెంతులు నానబెడితే తొందరగా మొలుస్తాయి కదా అని వీటినీ గిన్నెలో నానబోశాను. తెల్లారి చూస్తే కప్పగుడ్లలా జిగురు ముద్ద. కుళ్లిపోయాయనుకుని నీళ్ల కుండల వెనక్కు విసిరేశాను.

భార్య అడిగితే, "పాత గింజలు, మొలుస్తలేవు" అన్నాను. నా చేతిని తప్పుపట్టుకోవడం కంటే ఖాలా విత్తనాన్ని తప్పుపట్టడం సులువైంది. ఆ మాట గోడ దాటింది. ఖాలా వచ్చి మంచం పక్కన కూర్చుని, "మాఫ్ చెయ్ బేటీ, సచ్చిన గింజలిచ్చిన నీకు" అంది. నేను అక్కడే నిలబడి దుప్పటి సర్దాను.

వెళ్తూ వెళ్తూ ఆమె కుండల దగ్గర ఆగింది.

"అరె, గిదేంది?"

కుండల చెమ్మకు గోడవార ఆ జిగురు ముద్దలోంచే చిక్కగా పచ్చని మొలకలు.

"నానబెట్టినవా?"

"నానబెట్టిన ఖాలా. కుళ్లినయనుకొని నేనే పారేసిన."

నా భార్య మంచం మీద లేచి కూర్చుంది. "పెద్దామెతోని మాఫీ అడిగిపిచ్చినవా? సిగ్గున్నదా నీకు?"

"లొల్లి తర్వాత పెట్టు బేటీ, ముందు తిను" అని ఖాలా చిటికెడు మొలకలు తుంచి, కడిగి, ఉప్పద్ది ఆమె నోటికి అందించింది. ఘాటుకు నా భార్య కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంకింత" అంది.

కొన్ని మొక్కలను కోయకుండా విత్తనానికి వదిలాను. గింజ ఎండాక అదే గుడ్డలో మూటకట్టి ఖాలాకు తీసుకెళ్లాను. ఆమె మూట విప్పి, ఇంట్లో ఆడవాళ్లందరికీ వినబడేట్టు అడిగింది:

"నానబెట్టలే గద?"