నా మొహానికి దండ

మా ఇంట్లో గోడకున్న నాన్న ఫోటోలో కూర్చున్నది నేనే. ఈ మాట చెబితే అందరూ నవ్వుతారు. చాలా ఏళ్లు నేనూ నవ్వుతూనే చెప్పాను.

నాకు నాలుగేళ్లప్పుడు నాన్న పోయారు. ఉన్న ఒక్క పెళ్లిఫోటో, మెట్టుగూడలో మేం అద్దెకున్న రేకుల ఇంట్లో వాననీళ్లకు నాని చెరిగిపోయింది. నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది, పోయినవాళ్లకు బువ్వ పెట్టే పెత్రమాస నాడు ఎదురుగా పెట్టుకోవడానికి ఫోటో కూడా లేదని అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. పద్మారావు నగర్‌లో ఒక స్టూడియోకు తీసుకెళ్లాను. స్టూడియో ఆయనకు ఇలాంటివి కొత్త కాదు. కొడుకున్నాడు కదా, చాలు అన్నాడు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, తన దగ్గరున్న నల్లకోటు తొడిగి ఫోటో తీశాడు. తర్వాత కంప్యూటర్ ముందు అమ్మ చెప్పినట్టల్లా మీసం దట్టం చేశాడు, కళ్ల కింద గీతలు గీశాడు, కణతల దగ్గర తెల్లవెంట్రుకలు అద్దాడు. ఎడమవైపు చెయ్యి జారి కాస్త ఎక్కువే అద్దాడు. అమ్మ చాలాసేపు చూసి, అచ్చం ఆయనే అంది.

నేను చిన్నప్పటి నుంచీ కోపిష్టిని. అన్నంలో ఉప్పు తక్కువైనా ఇల్లెగిరిపోయేలా అరిచేవాణ్ని. ఫోటో వచ్చాక, నేను గొంతు పెంచినప్పుడల్లా అమ్మ గోడ వైపు చెయ్యి చూపేది.

"మీ నాయన ఏనాడన్న గిట్ల ఒర్రిండా? నిమ్మళం మనిషి."

సిగ్గేసేది. కోపం మింగేవాణ్ని. మొదట్లో గొంతులో అడ్డుపడేది, పోనుపోను అలవాటైంది. ఇప్పుడు ఆఫీసులో నా అంత నెమ్మదస్తుడు లేడని పేరు. నాన్న పోలిక అని గర్వపడేవాణ్ని కూడా.

నలభై దాటాక ఒక ఉదయం గడ్డం గీసుకుంటూ ఆగిపోయాను. స్టూడియో ఆయన గీసిన గీతలే అద్దంలో, సరిగ్గా అక్కడే ఉన్నాయి. నాకూ ఎడమ కణతే ఎక్కువ నెరిసింది. ఆ రోజు నుంచి ఫోటో ఉన్న గదిలో ఒంటరిగా కూర్చోవాలంటే భయం.

నాన్నను చూసినవాళ్లలో అమ్మ ఒక్కతే మిగిలింది. పోయినేడు ఆమెకు మతిమరుపు మొదలైంది. ఆమె మరిచిపోతే నాన్న అసలు ఎవరో నాకిక ఎప్పటికీ తెలియదు. ఆయన ఎలా ఉండేవారని రోజూ అడిగేవాణ్ని. ఆమె ఫోటో చూపించి ఊరుకునేది.

ఈ పెత్రమాస మధ్యాహ్నం విస్తట్లో బువ్వ వడ్డించి ఫోటో ముందు పెట్టి, కొత్త దండ వేశాను. మంచం మీంచి అమ్మ కంగారుగా లేచి కూర్చుంది.

"అయ్యా, ఆ దండ తీయుండ్రి. వాడు మా పిలగాడు. బతికే ఉన్నడు."

నాతోనే అంటోంది, ఎవరో పరాయివాడితో అన్నట్టు. దండ తీశాను. అమ్మ ఊపిరి పీల్చుకుంది. మరి మీ ఆయన ఎలా ఉండేవారని అడిగాను. బయటివాణ్ని కదా, దాచలేదు.

"శాన కోపిష్టోడు. ఒర్రితె గల్లి అంత ఇనపడుతుండె. పళ్లాలు ఇసురుతుండె. మా పిలగానికి సుత గదే కోపమొచ్చింది. ఎట్లనో తగ్గించిన."

ఆయన నాకిచ్చింది ఆ ఒక్కటే, దాన్నే ఇన్నేళ్లుగా మింగుతూ వచ్చాను. అమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. ఒక్కసారి, ఆయనలా, గల్లీ అంతా వినపడేలా అరవాలని నోరు తెరిచాను.

అన్నం తిందాం రా అమ్మా, అన్నాను. ఎప్పటిలా నెమ్మదిగా.

అమ్మ మెచ్చుకోలుగా చూసింది.

"నిమ్మళం మనిషి మీరు. మంచిగ పెంచిండ్రు. ఎవల కొడుకు, అయ్యా?"