తెల్లారాక వెళ్లిన హెచ్చరిక

మూడేళ్ల కిందట కావలిలో నలుగురం కలిసి చిన్న స్టార్టప్ పెట్టుకున్నాం. సముద్రం అల్లకల్లోలమయ్యే సూచన ఉంటే, మత్స్యకారులకు దానంతటదే ఫోన్ చేసి చెప్పే సాఫ్ట్‌వేర్ మాది. కోడ్ రాసేది నేను. 'అన్నా, రేపు వేటకు పోవద్దు' అని రికార్డ్ చేసిన గొంతూ నాదే. ఒక పల్లెలో పోలయ్యన్న అనే మత్స్యకారుడు ఇల్లిల్లూ తిరిగి అందరి నంబర్లూ ఇప్పించాడు.

ఒకరోజు మధ్యాహ్నం కోడ్‌లో చిన్న మార్పు చేశాను. సాయంత్రం గాలివాన హెచ్చరిక వస్తే కాల్స్ పంపాను. స్క్రీన్ మీద అన్నీ వెళ్లినట్టే చూపించింది. నిశ్చింతగా ఇంటికెళ్లిపోయాను.

పొద్దున చూస్తే ఒక్కటీ వెళ్లలేదు. నా మార్పు వల్ల అన్నీ సర్వర్‌లోనే ఆగిపోయాయి. తప్పు సరిదిద్దగానే, ఆగినవన్నీ ఒక్కసారిగా వెళ్లిపోయాయి.

కాసేపటికే పోలయ్యన్న ఫోన్ చేశాడు.

"అమ్మా, పోవద్దని ఇప్పుడు చెప్తుండావే! రాత్రి ఫోన్ రాలేదు గదా అని మా తమ్ముడు తెల్లారుజామునే పోయినాడు. పడవ ఇంకా రాలేదమ్మా."

"సర్వర్ ప్రాబ్లం అన్నా" అన్నాను.

"దానికి నువ్వేం చేస్తావులేమ్మా" అన్నాడు.

నాలుగోరోజు పడవ ముక్కలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మనిషి దొరకలేదు. కొన్నాళ్లకు మా కంపెనీ కూడా మూతపడింది. తప్పు నాదేనని చెప్పడానికి రెండుసార్లు బయల్దేరి, సగం దారిలో బస్సు దిగి వెనక్కి వచ్చేశాను. ఇక వెళ్లగలనన్న ఆశ లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పోలయ్యన్నకు చదువు రాదు.